అఫ్రియే ఒళ్లో గంజి గిన్నె

కుమాసి నగరంలో నేను మనసారా మెచ్చుకునే మనిషి మెకానిక్ అఫ్రియే ఒక్కతే.

ఆ రోజు టాక్సీ డ్రైవర్ బాదు ఏడుపు మొహంతో ఆమె షెడ్డుకొచ్చాడు. అతని బండి కుదుపులకి గుడ్లమ్ముకునే సెర్వా పెద్దమ్మ గుడ్లన్నీ పగిలాయి. ఇంకొక్క ఫిర్యాదొస్తే టాక్సీ స్టాండులోంచి తీసేస్తామన్నారట. తిట్లింకా మిగిలున్నాయని పెద్దమ్మ కూడా వెంటే వచ్చింది.

"ఇంజనే మార్చాలా అక్కా?"

"ఏడవకు తమ్ముడూ, ఈ మీటరు ముల్లు చూడు."

ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ పక్కనుండే సెన్సర్‌కి మీటరు తగిలించి, అఫ్రియే థ్రాటిల్‌ని మెల్లగా తెరిచింది. నిదానంగా లేస్తున్న ముల్లు సగంలో ఒక్కసారిగా పడిపోయి మళ్ళీ లేచింది.

"నువ్వు యాక్సిలరేటర్ ఎంత తొక్కావో ఇంజన్‌కి చెప్పేది ఇదే. మధ్యలో దీని నోరు పడిపోతోంది, అందుకే ఆ కుదుపులు."

పాత సామాన్ల కొట్టునుంచి ఇంకోటి తెప్పించి, దాన్నీ ముల్లుతో పరీక్షించి బిగించింది. తర్వాత అలవాటు ప్రకారం, అంచుదాకా సజ్జ గంజి పోసిన గిన్నె ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

పెద్దమ్మ వెనకెక్కింది. "ఒలికిందా, మిగిలింది నీ నెత్తినే పోస్తా," అంది బాదుతో.

బాదు ఊపిరి బిగబట్టి మిట్ట ఎక్కించాడు. చుక్క ఒలకలేదు.

పెద్దమ్మ ముందుకు వంగి, గిన్నె లాక్కుని గటగటా తాగేసింది.

"రేపు పొద్దున్నే రారా. గుడ్లు నీ బండిలోనే."