ఫాలు కుట్టని చీర

ఉత్త అబద్ధాలాడేవాళ్ళంటే నాకు చిన్నచూపు. నేను ఆడితే ఆధారాలతో ఆడతాను. చిన్నప్పట్నుంచీ ఏ పని చేసినా నాకా శ్రద్ధ ఉంది. పోయిన వారం ఆ శ్రద్ధే నన్ను దాదాపు రోడ్డున పడేసింది, వినండి.

ఇరవయ్యారేళ్ళ కాపరం తర్వాత మా ఆవిడా నేనూ కోర్టులో సంతకాలు పెట్టి విడిపోయేం. ఇంట్లోంచి ముందు బయటికొచ్చింది నేనే. యాభై రెండేళ్ళ వయసులో కొత్త జీవితం అనుకుని బయల్దేరేను గానీ, అనకాపల్లిలో కొత్త జీవితానికి ముందు అద్దె ఇల్లు దొరకాలి. నాలుగిళ్ళు చూసేను. నాలుగు చోట్లా ఒకటే ప్రశ్న: "ఫ్యామిలీ ఎప్పుడొస్తారు?" నాకు మోటార్లు రీవైండింగ్ చేసే షాపుంది. నెల్రోజులు అక్కడే, కాలిపోయిన మోటార్ల పక్కన చాపేసుకుని పడుకున్నాను.

ఐదో ఇల్లు సత్యవతిగారిది. మేడ మీద గది, వంటగది, రెండు పూటలా నీళ్ళు. కింద ఆవిడా, కోడలూ, ఇద్దరు మనవరాళ్ళూ.

"ఒంటి మగోళ్ళకి ఇవ్వను బాబూ. ఆడపిల్లలున్న ఇల్లు."

"అయ్యో, ఫ్యామిలీ ఉందండి. వాళ్ళమ్మగారికి బాగోక మా ఆవిడ మునగపాకలో ఉంది. వస్తూ పోతూ ఉంటుంది," అన్నాను.

ఇక ఆధారాలు. బాత్రూం అద్దానికి రెండు బొట్టుబిళ్ళలు అంటించేను. బట్టల షాపుకెళ్ళి "ఏదో ఒకటివ్వండి" అంటే ఆకుపచ్చ చీర ఇచ్చేరు. మంగళవారం, శుక్రవారం దాన్ని బకెట్లో ముంచి మేడ మీద తాడుకి ఆరేసేవాణ్ణి. గాలికి అది ఊగుతుంటే ఒక్కోసారి ఇంట్లో మనిషున్నట్టు నాకే అనిపించేది.

మూడు వారాలు బాగానే గడిచేయి. పోయిన శుక్రవారం సాయంత్రం సత్యవతిగారు ఆ చీర మడతపెట్టి పట్టుకుని పైకొచ్చేరు.

"మీ ఆవిడ ఎప్పుడొచ్చింది బాబూ?"

"నిన్నొచ్చి పొద్దున్నే వెళ్ళిపోయిందండి."

"ఈ సీరే కట్టుకుందా?"

"అవునండి. ఈ రంగంటే ప్రాణం."

"ఎలా కట్టిందేటి? ఫాలు కుట్టలేదు. జాకెట్టు ముక్క కొయ్యనే లేదు, ఇంకా సీరకే ఉంది. మూడు వారాలై సూత్తన్నాను, తాడు మీద సీరొక్కటే ఆరతంది. లంగా లేదు, జాకెట్టు లేదు. మునగపాకలో ఉత్త సీరే కడతారేటి?"

ఇరవయ్యారేళ్ళు మా ఇంట్లో ఆరేసిన చీరల కిందనుంచి తల వంచుకుని వెళ్ళినవాణ్ణి. చీరకి అడుగంచున కుట్టే ఫాలనేది ఒకటుంటుందని ఆ సాయంత్రమే తెలిసింది. ఉన్నదున్నట్టు చెప్పేసేను.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కొట్టేవోడివా?"

"లేదండి."

"తాగుడా?"

"లేదండి."

"ఇంకో ఆడమనిషా?"

"అంత మొహమేదండి నాకు."

"మరెందుకు?"

"మాట్లాడుకోవడం మానేసేమండి. ఎప్పుడు మానేసేమో కూడా గుర్తులేదు."

ఆవిడ చేతిలో చీర అంచు సవరిస్తూ అడిగేరు: "పోనీ, ఆవిడకి నిజంగా ఏ రంగంటే ఇష్టం?"

"ఏమోనండి," అన్నాను. ఏటా పండక్కి చీర తనే వెళ్ళి కొనుక్కునేది. నేను డబ్బులిచ్చి షాపు బయట బండి మీద కూర్చునేవాణ్ణి.

సత్యవతిగారు లేచి చీర నా చేతిలో పెట్టేరు.

"ఉండు బాబూ. ఇరవయ్యారేళ్ళు కట్టుకున్న పెళ్ళాన్నే సూళ్ళేదు, నా మనవరాళ్ళకి నీ వల్ల భయమేటి?"

అలా గది దక్కింది. ఆ రంగేదో మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు.