జీరో టికెట్టు

ఉప్పల్‌లో బస్సెక్కి నిలబడితే, కూర్చున్న ఒక పెద్దమ్మ నా ల్యాప్‌టాప్ బ్యాగు అందుకుని ఒళ్లో పెట్టుకుంది. అంతలో నా మొదటి కస్టమరు, నాచారంలో బేరింగుల దుకాణం ఆయన, ఫోన్ చేశాడు. ఆయన వెబ్‌సైట్‌కి నేను ఎంచుకున్న డేటాబేస్‌కు లైసెన్స్ ఫీజు లేదని భయం. "ఫ్రీది ఎట్ల నమ్మాలమ్మా? సోచాయించి చెప్పు," అని పెట్టేశాడు.

పెద్దమ్మ సంగతేమిటో అడిగింది. చెప్పాను. ఆమె తన చేతిలోని, కండక్టరు ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు చూపించింది.

"గిది గూడ ఫ్రీయే గద బిడ్డా. డ్రైవర్ మంచిగుంటే బస్సు పోతలేదా?"

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. "ఫ్రీ బస్సు గూడ మంచి డ్రైవరుంటే పోతది గద సార్. దీనికి డ్రైవర్‌గా నేనున్న. ఏమైనా జిమ్మేదారి నాదే." ఆయన సరేనన్నాడు.

దిగేవాళ్లెవరో బ్యాగుకు తగిలారు. పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో పొదువుకుంది.

"జర పైలం! గీ బ్యాగుల మా బిడ్డ కంపెనీ ఉన్నది."

అప్పటికి ఆ కంపెనీకి నేను పేరైనా పెట్టలేదు.