అన్న ఫైల్లో తమ్ముడి అర్జీ

రాయచూరు కచేరీ ఎదురుగా అంబుజ ఇరవై ఏళ్లుగా అర్జీలు కొడుతోంది, మొదట టైపు మిషను మీద, తర్వాత కంప్యూటరు మీద. పక్కనే శక్తినగర్‌లో రాష్ట్రానికంతా కరెంటు తయారవుతుంటే, తన కంప్యూటరు రోజుకు మూడుసార్లు ఆరిపోతుందని ఆమెకు ఒళ్లుమంట. ఆరిపోయినప్పుడల్లా కొట్టిందంతా పోయేది. చివరికి కంప్యూటర్లు బాగుచేసే వాదిరాజ్‌ను పిలిచి, ఐదు నిమిషాలకోసారి ఫైలు దానంతటదే సేవ్ అయ్యేట్టు పెట్టించింది.

అంబుజ ఏ అర్జీనీ మొదటినుంచి కొట్టదు. పాతది తెరిచి, పేర్లూ సర్వే నంబర్లూ మార్చి, అంతా అయ్యాక వేరే పేరుతో సేవ్ చేస్తుంది. ఇప్పుడు కంప్యూటరు అందాకా ఆగకుండా పాతదాని మీదే కొత్తది సేవ్ చేసేస్తోంది.

నెల తర్వాత ఈరప్ప అనే అతను వచ్చి, అంతకుముందు కొట్టించుకున్న తన అర్జీ ఇంకో కాపీ అడిగినప్పుడు గానీ ఆ సంగతి తెలియలేదు. ఈరప్ప పేరున్న ఫైలు తెరిస్తే, అందులో అతని మీద సొంత తమ్ముడు కొట్టించుకున్న అర్జీ ఉంది.

“వానితోని కలిసినవా నువ్వు?” అని ఈరప్ప బజారంతా వినేలా అరిచి పోయాడు.

అంబుజ వాదిరాజ్‌ను పిలిపించి నిలదీసింది.

“పాతది తెరిచి దిద్దుతవని నాకేం ఎరుక అక్కా? బ్యాకప్ గూడ పెడితే పాతది ఉంటుండె,” అన్నాడతను తాపీగా.

“మరెందుకు పెట్టలే?”

“నువ్వు అడగలే.”

“ఇప్పుడు అడుగుతున్న, కూసొని పెట్టు. కరెంటు పోతే ఆ పూట కొట్టిందే పోతుండె. నువ్వు బాగుచేసినంక ఏండ్ల సంది కొట్టింది పోయింది.”