చివరి పద్నాలుగు పేజీలు

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతి అయిపోయిన వేసవిలో, ఒక్క నెలలో నేను పోగొట్టుకున్నవి ఇవి: బడిలో పుస్తకాల బీరువా తాళంచెవి ఒకటి, నలభై పేజీల నోటుబుక్కు ఒకటి, మధ్యాహ్నాలు ముప్పై, ఒక కథలోని చివరి పేజీలు పద్నాలుగు. వీటన్నిటిలో తిరిగి వచ్చింది రెండు పేజీలు. ఈ లెక్క ఇన్నేళ్లలో ఎన్నిసార్లు సరిచూసుకున్నా తేడా రాలేదు. కోపం మాత్రం ప్రతిసారీ వస్తుంది.

మాది నగరి. మా వీధిలో అన్నీ మగ్గాల ఇళ్లే. పొద్దుగూకితే నాయన మగ్గం గుంటలోంచి లేచి, ఆ రోజు నేసిన బట్టను మూరవేసి చూసుకునేవాడు. ఎక్కువ నేస్తే ఆ పూట ఇల్లు సంతోషంగా ఉండేది, తక్కువైతే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఏ పనైనా చివరికి కొలిచి చూపించాలని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. వేరే విధంగా కూడా చూడవచ్చని చెప్పినవాళ్లు లేరు.

సెలవులిచ్చే రోజు మా తెలుగు అయ్యవారు ఒక పని పెట్టారు. నెల రోజులు ఎవరికి నచ్చినవి వాళ్లు చదవాలి. చదివి ఏమనుకున్నారో నోటుబుక్కులో రాసుకురావాలి. బాగా చదివినవాళ్ల చేతికి ఏడాదంతా బీరువా తాళం ఇస్తారు. ఆ బీరువా అద్దం వెనక రెండు వందల పుస్తకాలు ఉండేవి. వాటి పేర్లన్నీ అద్దంలోంచి చదివి నాకు కంఠతా వచ్చు. లోపల ఏముందో ఒక్కదానిదీ తెలియదు. ఆ తాళం నాకే రావాలని గట్టిగా అనుకున్నాను.

మా ఇంట్లో పుస్తకాలు లేవు. పక్కింటి అక్క దగ్గర ఉన్నాయి. ఆమె పదో తరగతితో బడి మానేసి, రాట్నం ముందు కూర్చుని వాళ్ల మగ్గానికి కండెలు చుట్టేది. వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను వారం వారం కత్తిరించి, మగ్గం నూలుతోనే కుట్టి, అట్టలు వేసి ఆరు పుస్తకాలు చేసుకుంది. అడిగితే ఒక్కొక్కటిగా ఇస్తానంది. నేను ముందుగా ఆరింటికీ పేజీలు లెక్కపెట్టాను. సరిగ్గా పన్నెండు వందలు. ముప్పై రోజులకు పంచితే రోజుకు నలభై. శేషం లేదు. అంత చక్కటి లెక్క కుదిరాక ఇక తాళం నాదేనని నమ్మకం కుదిరింది.

మొదటి పుస్తకం ఐదు రోజుల్లో తిరిగి ఇచ్చాను.

"ఏమ్మే పాపా, ఎట్లుండాది?" అని అడిగింది అక్క, రాట్నం ఆపకుండానే.

"నూట తొంభై ఆరు పేజీలుండాది అక్కా."

"పేజీలు గాదే, కథ!"

"కథ కూడా అయిపోయింది."

ఆమె నన్ను ఒక చూపు చూసి రెండోది ఇచ్చింది. ప్రతి పుస్తకానికీ ఇదే జరిగింది. అలిసిపోయి వెనకపడిన రోజున నేను పేరాకు మొదటి వాక్యం, చివరి వాక్యం చదివి పేజీ తిప్పేదాన్ని. కత్తిరించిన కాగితం వెనకవైపున వంకాయ కూర వండే పద్ధతి ఉంటే అది కూడా చదివి పేజీల్లో కలుపుకున్నాను. నోటుబుక్కులో గీతలు గీసి గళ్లు చేశాను: తేదీ, మొదలు, ఆఖరు, మొత్తం.

ఆరో పుస్తకంలో ఒక నర్సు కథ ఉంది. ఆమె మద్రాసులో పని చేస్తుంది. సెలవుకు బెజవాడలో పిన్నమ్మ ఇంటికి వచ్చి, మళ్లీ మద్రాసుకు రైలెక్కుతుంది. నూట పన్నెండో పేజీలో రైలు గూడూరులో ఆగుతుంది. ఆమె కిటికీలోంచి బయటికి చూసి, సంచీ తీసుకుని దిగిపోతుంది. ముప్పయ్యో రోజు మధ్యాహ్నానికి నూట ఎనభై ఆరు పేజీలు అయ్యాయి. తిప్పి చూస్తే అట్ట వచ్చింది. పద్నాలుగు పేజీలు లేవు. నేను పరుగెత్తుకుని వెళ్లాను.

"నేనే కుట్టు విప్పి తీసినాను," అంది అక్క, చిన్న పని చేసినట్టు. "ఆ పిల్ల గూడూరులో ఎందుకు దిగిందో చెప్పు. ఇచ్చేస్తా."

"నూట పన్నెండో పేజీలో దిగింది."

"యాడ దిగిందని అడిగినానా? ఎందుకు దిగింది?"

"అట్ల రాసిలేదక్కా!"

"ఉండాది. సరిగ్గా సూడు."

నాకు ఏడుపొచ్చింది. నెలంతా ఒక్క పేజీ తప్పకుండా వస్తే ఆఖరి రోజున ఈమె కాలు అడ్డం పెట్టింది. పుస్తకం ఇంట్లో విసిరేసి, నోటుబుక్కు చివరి గడిలో 'మొత్తం పన్నెండు వందలు' అని రాశాను. నేను నిజంగా తిప్పినవి పదకొండు వందల ఎనభై ఆరు. నా జీవితంలో తెలిసి రాసిన తప్పు లెక్క అదొక్కటే.

బడి తెరిచిన రోజు అయ్యవారు నా నోటుబుక్కు నిదానంగా తిప్పారు. అంకెలన్నీ ఒకదాని కింద ఒకటి ముత్యాల్లా ఉన్నాయి.

"లెక్క తప్పలేదమ్మా," అన్నారు. "ఇంతకీ ఇది పుస్తకాలు చదివిన లెక్కా, చీరలు నేసిన లెక్కా?"

తరగతిలో సగం మంది నేతవాళ్ల పిల్లలమే. అందరికంటే గట్టిగా వాళ్లే నవ్వారు. తాళంచెవి బస్టాండు దగ్గర ఉండే పిల్లకు వెళ్లింది. ఆ పిల్ల నెలంతా చదివింది అరవై పేజీల పుస్తకం ఒక్కటి. దాన్నే మూడుసార్లు చదివి, రాసినవాళ్లతో తగువు పెట్టుకున్నట్టు సగం నోటుబుక్కు నింపింది. నేను ఇంటికి వచ్చే దారిలో నా నోటుబుక్కు చింపి కాలవలో వేసి, నేరుగా అక్క దగ్గరికి వెళ్లి నానా మాటలూ అన్నాను. ఆ పద్నాలుగు పేజీలు లేకనే అంతా చెడిందని కూడా అన్నాను. అది నిజం కాదని అంటున్నప్పుడే తెలుసు.

అక్క లేచి, నూలు పెట్టెలో వెతికింది. పేజీలు లేవు. వాళ్లమ్మ వంటింట్లోంచి, "ఆ సిత్తు కాగితాలా? పొద్దున శనక్కాయల అవ్వకు ఇస్తినే!" అంది. అక్క ముఖం పాలిపోవడం నేను మొదటిసారి చూశాను.

ఇద్దరం బస్టాండుకు పరుగెత్తాం. అవ్వ గంపలో తొమ్మిది పొట్లాలు మిగిలి ఉన్నాయి. తక్కినవి తిరుపతి బస్సుల్లోకీ పుత్తూరు బస్సుల్లోకీ వెళ్లిపోయాయి.

"అవ్వా, ఆ పొట్లాలొకసారి ఇప్పి సూస్తాం," అంది అక్క.

"ఇప్పితే శనక్కాయలు నీ ఒళ్లో పోసేదా? కావాలంటే కొనుక్కో తల్లీ."

అక్క తొమ్మిదీ కొంది. బస్టాండు అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పాం. క్యాలెండరు ముక్కలు, సినిమా కాగితాలు, ఎవరిదో సున్నా మార్కులొచ్చిన లెక్కల పరీక్ష పేపరు వచ్చాయి. తొమ్మిదో పొట్లం మాది. ఒక కాగితం, రెండు పేజీలు. నర్సు గూడూరు ప్లాట్‌ఫారం మీద బెంచీపై కూర్చుని ఉంది. టీ అమ్మేవాడు, ఎవరికోసమమ్మా అని అడుగుతాడు. ఆమె తలెత్తి చెప్పబోతుంది. పేజీ అయిపోయింది.

"ఇప్పుడైనా చెప్పక్కా," అన్నాను.

"చెప్పను. ఆ పుస్తకం మీ ఇంట్లోనే ఉండాది గదా. మొదటి నుంచీ సదువు."

కసితోనే మొదలుపెట్టాను. ఈసారి అంకెలు రాయలేదు, రాయడానికి నోటుబుక్కు లేదు కూడా. మూడు వారాలు పట్టింది. జవాబు ముప్పై ఏడో పేజీలో ఉంది, పేరా నడుమ, నేను దాటేసిన చోట. నర్సు తండ్రిది గూడూరు; కూతురు ఉద్యోగానికి వెళ్లడం ఆయనకు ఇష్టం లేదు, ఇద్దరికీ మాటలు లేవు. కానీ ఆమె రైలు గూడూరు దాటే ప్రతిసారీ తోటలోని నిమ్మకాయలు గుడ్డలో కట్టుకుని వచ్చి, కిటికీలోంచి అందించి, మాట్లాడకుండా వెళ్లిపోతాడు. నూట పన్నెండో పేజీలో ఆమె కిటికీలోంచి చూసింది. ఆయన లేడు.

అందుకే దిగిందని ఎక్కడా రాసిలేదు. ముప్పై ఏడో పేజీనీ నూట పన్నెండో పేజీనీ నేనే కలుపుకోవాలి. కలుపుకున్నాక ఆ పేజీని మళ్లీ చదివాను. చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

వెళ్లి చెప్పాను. అక్క రాట్నం ఆపింది.

"అంతే," అంది. "అంతేనే పాపా."

"ఇప్పుడు చెప్పు. నాయన బతికే ఉండాడా? కనబడినాడా?"

ఆమె చేతిలోని నూలు పోగును వేలికి చుట్టుకుంది. "నిజం చెప్తా. నాకూ చివర గుర్తు లేదు. సదివి శానా ఏండ్లయింది. ఆ పిల్ల దిగింది ఒక్కటే మనసులో నిలిచింది."

నాకు మళ్లీ ఒళ్లు మండింది. "నువ్వు ఇప్పకుండా ఉంటే పోయేవి కావు గదా!"

"అవును, అది నా తప్పే. పద్నాలుగు పేజీలు నీకు బాకీ."

"రెండు వచ్చినాయి. పన్నెండు."

"ఇంకా లెక్కేనా నీకు!" అని తల పట్టుకుంది.

నా చదువు కూడా పదితోనే ఆగింది. ఎవరూ నేర్పకుండానే పడుగుకు ఎన్ని పోగులు పడతాయో, ఏ చీరకు ఎంత నూలు కావాలో లెక్కకట్టడం నేర్చుకున్నాను. ఇప్పటికీ వీధిలో వాళ్లు నా దగ్గరికే వస్తారు. లెక్క చెప్పి ఊరుకోలేను. ఎప్పుడూ వచ్చే మనిషి ఈసారి ఎందుకు రాలేదని అడుగుతాను. పుస్తకం చదివితే పేరా నడుమ వాక్యాన్ని రెండుసార్లు చదువుతాను. తిరుపతిలో రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరిచిన చోట, నూలుతో కుట్టిన సీరియల్ ఏదైనా కనబడితే వంగి, ముందు చివరి పేజీలు చూస్తాను. నర్సు కథ ఎక్కడా దొరకలేదు. ఆ ముసలాయన గూడూరు స్టేషనుకు ఆ రోజు ఆలస్యంగానైనా వచ్చాడో లేదో తెలియకుండానే నాకు ఈ వయసు వచ్చింది.

పక్కింటి అక్క నుంచి నాకు ఇంకా రావలసినవి పన్నెండు పేజీలు.