పెద్ద దేశం కుర్చీ

హొసకోటె దాటి పాత మద్రాసు రోడ్డు మీద కాస్త ముందుకు పోతే, గోడౌన్ల మధ్యన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడ బి.ఏ. ఆఖరి ఏడాది పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెప్పే సమీనా మేడం అంటే అందరికీ కొంచెం భయం, కొంచెం నవ్వు. భయం ఆమె నోటికి. నవ్వు ఆమె కుర్చీలకు. క్లాసులో ముందు వరసలో మూడు కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా ఉంటాయి. పిల్లలు వెనక బెంచీల మీద ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ కూర్చున్నా సరే, ఆ మూడింటి మీద ఎవరినీ కూర్చోనివ్వదు.

సంగతేమిటంటే, ఏడాది మొదట్లో ఆమె ఒక్కొక్కరికీ ఒక్కో దేశం అప్పగిస్తుంది. పరీక్షలయ్యేదాకా ఆ దేశం బాగోగులు వాళ్ళవే. ఇచ్చేవన్నీ చిన్న దేశాలే. ఒకరికి నేపాల్, ఒకరికి పరాగ్వే, ఇంకొకరికి ఎక్కడుందో వెతుక్కోవలసిన దీవి. పెద్ద దేశం కావాలని ఎవరు అడిగినా ఇవ్వదు.

"పెద్దోళ్ళు మన మాట వినేదానికి ఎప్పుడొచ్చినారప్పా? వాళ్ళకు ముందు వరసలో కుర్చీ వేసి పెడదాం. వస్తే అడుగుదాం," అంటుంది.

అందుకే ప్రతి వారం పిల్లలు లేచి ఆ ఖాళీ కుర్చీలను నిలదీస్తారు. మా సముద్రంలో మీ పడవలు ఎందుకు చేపలు పడుతున్నాయి? మాకు అప్పిచ్చి, మా రేవు మీరెందుకు రాయించుకున్నారు? కుర్చీలు జవాబు చెప్పవు. కానీ ఒక నియమం ఉంది. పొరపాటున ఎవరైనా వచ్చి అందులో కూర్చుంటే, లేచేదాకా ఆ పెద్ద దేశం వాళ్ళే. ఒకసారి అటెండరు శ్రీను రిజిస్టరు ఇవ్వడానికి వచ్చి, కాళ్ళు నొప్పులని ఒక కుర్చీలో కూలబడ్డాడు. అంతే, పిల్లలు చుట్టుముట్టి, భూమి ఇంత వేడెక్కడానికి నీ పొగ గొట్టాలే కారణమా కాదా అని నిలదీశారు. పాపం శ్రీను, కాదని చెప్పి చూశాడు, వినలేదు. చివరికి తప్పయిపోయిందని ఒప్పుకుని బయటపడ్డాడు. అంత పెద్ద దేశం తప్పు ఒప్పుకోవడం అదే మొదలని క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఈ పిచ్చి ఆమెకు చిన్నప్పుడే పట్టింది. సమీనాది మదనపల్లె. వాళ్ళ నాయన బెంగళూరుకు టమాటా లారీ తోలేవాడు. బడి సెలవుల్లో కూతుర్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. రాష్ట్రం మారే చోట చెక్‌పోస్టు దగ్గర లారీ ఆగితే, కింద టమాటాలు వేడికి కారిపోతున్నా సరే, లోపలి దొరగారు భోజనం ముగించి చెయ్యి కడుక్కునేదాకా కదలడానికి లేదు. ఒకసారి పిల్ల కిందికి దిగి రోడ్డంతా వెతికింది, గీత ఎక్కడుందా అని. ఇటు మన్నే, అటు మన్నే. ఇటు తెలుగే, అటు తెలుగే.

"గీత యాడుండాది నాయనా?"

"గీత యాడా లేదమ్మా. ఆ గుడిసెలోవాడు ఉండాదంటాడు, మనం తలకాయ ఊపుతాం. అందుకని ఉండాది."

ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు. ఎం.ఏ.లో నిర్మాణవాదం పాఠం విన్నరోజు, అంటే సరిహద్దులూ శత్రుత్వాలూ కొండల్లాగా వాటంతట అవి పుట్టినవి కావని, మనుషులు అనుకుని అనుకుని కట్టుకున్నవని చెప్పే ఆ సిద్ధాంతం విన్నరోజు, ఆమెకు లారీ వాసన వచ్చింది. మా నాయన ఎప్పుడో చెప్పాడు కదా దీన్ని అనుకుని ఏడ్చింది కూడా. ఆయన అప్పటికి లేడు.

ఆమె పాఠం ఎట్లా ఉంటుందో కొంచెం చెప్పాలి. వాస్తవికవాదం అనగానే కిటికీలోంచి రోడ్డు కేసి వేలు చూపించి, "వీధికి పోలీసోడు ఉండాడు. లోకానికి లేడు. కాబట్టి ఎవడి కర్ర వాడే పట్టుకోవల్ల అని వీళ్ళ వాదన," అంటుంది. ఉదారవాదానికి వస్తే, "కర్రలు పట్టుకుంటే బేరాలు సాగవు. సంత సాగాలంటే నలుగురూ కూర్చుని కట్టుబాటు చేసుకోవల్ల అని వీళ్ళు," అంటుంది. వెస్ట్‌ఫాలియా దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పెరుగుతుంది. ఐరోపా రాజులు ముప్ఫై ఏళ్ళు ఒకర్నొకరు నరుక్కుని, విసిగిపోయి, ఎవరి ఇంట్లోకి ఎవరూ రాకూడదని ఒప్పందం రాసుకున్నారు. బాగుంది. మరి మన ఇళ్ళలోకి ఓడలెక్కి వచ్చినప్పుడు ఆ కాగితం ఎక్కడ మడిచి పెట్టుకున్నారు? ఈ ప్రశ్న అడక్కుండా ఆ పాఠం దాటిందే లేదు.

ఇట్లాంటి మనిషికీ చెన్నయ్యకూ పొసగుతుందా చెప్పండి. చెన్నయ్య ఆ కాలేజీ చైర్మన్. గోడౌన్లు కట్టించి బాడుగకిచ్చి పైకొచ్చినవాడు. తరతరాలుగా అక్కడివాళ్ళే, ఇంట్లో తెలుగు. చెడ్డవాడేం కాదు, కానీ తను కట్టించిన గోడల మధ్య ఎవరు ఊపిరి పీల్చినా తన్ను అడిగి పీల్చాలనుకునే రకం. ఆ చలికాలంలో ఆయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. వచ్చే ఏడాది నుంచి ఈ అంతర్జాతీయ సంబంధాల పేపరు ఎత్తేసి, ఆ గదిలో కంప్యూటర్లు పెట్టాలని. పేపరు పోతే సమీనా ఉద్యోగమూ పోతుంది.

ఇంతలో విశ్వవిద్యాలయం నుంచి తనిఖీ బృందం వస్తోందని కబురు వచ్చింది. చెన్నయ్య సమీనాను పిలిపించాడు.

"చూడమ్మా, తనిఖీవాళ్ళ ముందర ఒక ఐక్యరాజ్యసమితి మాదిరి చేసి చూపించు. జెండాలు, కోట్లు, అంతా నేను తెప్పిస్తా. మా తమ్ముని కూతురు అమెరికా మాదిరి నిలబడి ఇంగ్లీషులో శాంతి గురించి మాట్లాడుతాది. మీ పిల్లోళ్ళు చప్పట్లు కొట్టల్ల. బాగా జరిగితే ఇంకొక ఏడాది నీ పేపరు నిలబెడతా."

"నా పిల్లోళ్ళు చప్పట్లు కొట్టేదానికి రాలేదు సార్. నా క్లాసు రోజూ ఎట్ల జరుగుతాదో ఆ రోజూ అట్లే జరుగుతాది."

ప్రిన్సిపాల్ భాగీరథమ్మ పక్కనే ఉంది. మంచిది, రిటైరుమెంటు దగ్గర పడింది, గొడవలంటే పడదు. బయటికి రాగానే సమీనా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క గంట వంగితే ఏం పోతాదమ్మా? పెద్దాయన పక్కన నిలబడితే నీకే నీడ."

"మేడం, మీరు చెప్పేదానికి మా పుస్తకంలో ఒక పాఠమే ఉండాది. బలమైనోని పంచన చేరితే భద్రంగా ఉంటామని. ఆ పాఠం నేనే చెప్తా. కానీ పంచన చేరినోళ్ళని అర్ధరాత్రి ఎవరు తరిమినారో కూడా నేనే చెప్తా కదా."

అంత ధాటిగా అన్నది కానీ, ఇంటికి పోయేదాకా అదే ఆలోచన. తన జీతం సంగతి ఎట్లాగో చూసుకోవచ్చు. పేపరు పోతే తర్వాత వచ్చే పిల్లలకు ఈ లోకం గురించి చెప్పేదెవరు? పిల్లల్ని అడగకుండా వాళ్ళ పేపరును పందెం పెట్టడానికి తనెవరు? మర్నాడు క్లాసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

ముందు గణేశ్ లేచాడు. కర్నూలు వైపు నుంచి వచ్చిన మేస్త్రీల ఇంటి పిల్లవాడు, సాయంత్రాలు బండి మీద ఇంటింటికీ భోజనం చేరవేస్తాడు. అతనిది ఫిజీ.

"ఒక్క రోజు డ్రామా ఆడదాం మేడం. పోయేదేముంది? వచ్చే ఏడాది మా తమ్ముడు ఈ క్లాసుకే రావాల్సి ఉంది."

మమత వెంటనే లేచింది. ఊళ్ళో వాళ్ళమ్మ మునివెంకటమ్మ భోజనం మెస్ నడుపుతుంది. మమతది మంగోలియా, రెండు పెద్ద దేశాల మధ్య ఇరుక్కుని కూడా అణ్వాయుధాలను మా నేల మీదికి రానివ్వమని ప్రకటించుకున్న దేశం. ఏడాదంతా దాని కష్టాలు మోసి మోసి ఆ పిల్లకు కూడా అదే మొండితనం అబ్బింది.

"ఈ ఏడాది డ్రామా ఆడితే వచ్చే ఏడాది ఇంకొకటి ఆడమంటాడు. మీ తమ్ముడు వచ్చి నేర్చుకునేది పాఠం కాదు, డ్రామా. నేను ఆడను."

చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి గణేశే తల గోక్కుని, "సరే, పోతే పోనీ మేడం. మన క్లాసే చేద్దాం," అన్నాడు. సమీనా అటు తిరిగి నల్లబల్ల తుడవడం మొదలుపెట్టింది.

తనిఖీ రోజు వచ్చింది. బృందంలో ఇద్దరు పెద్దమనుషులు వెనక బెంచీలో కూర్చున్నారు. వాళ్ళ వెంట వచ్చిన చెన్నయ్య తిన్నగా ముందు వరసకు నడిచాడు. జెండాల్లేవు, కోట్లు లేవు. ఆయన మొహం అప్పటికే మాడిపోయి ఉంది.

"సార్, ఆ కుర్చీ వద్దు. వెనక జాగా ఉండాది," అంది సమీనా.

"నా కాలేజీలో నేను యాడ కూర్చోవల్లనో నువ్వు చెప్తావా?" అని ఆయన నడిమి కుర్చీలో బరువుగా కూర్చున్నాడు.

ఆనాటి పాఠం మెలోస్. సమీనా మామూలుగానే మొదలుపెట్టింది. వేల ఏళ్ళ కిందట గ్రీకు సముద్రంలో ఒక చిన్న దీవి. ఏథెన్స్ అనే పెద్ద నగరం ఓడల్తో వచ్చి లొంగిపొమ్మంది. మేము ఎవరి జోలికీ రాలేదు, ఇది న్యాయమేనా అని దీవివాళ్ళు అడిగారు. న్యాయం మాట కట్టిపెట్టండి, మీ బలమెంతో మా బలమెంతో చూసుకోండి అని ఓడలవాళ్ళు అన్నారు. వాస్తవికవాదులు ఇప్పటికీ చెప్పుకునే కథ ఇదే.

పాఠం ఇక్కడిదాకా వచ్చాక ప్రశ్నలు. మమత లేచి నిలబడింది. నడిమి కుర్చీ వైపు తిరిగింది. సమీనా ఆపలేదు.

"మంగోలియా అడుగుతోంది సార్. మా పేపరు ఎత్తేస్తున్నారు. ఎత్తేసే ముందు మమ్మల్ని ఎందుకు అడగలేదు?"

చెన్నయ్య వెనక్కి తిరిగి తనిఖీవాళ్ళను చూసి నవ్వబోయాడు. నవ్వు సరిగా రాలేదు. "ఇది క్లాసా, పంచాయితీనా?"

గణేశ్ కూడా లేచాడు. "ఆ కుర్చీలో కూర్చున్నోళ్ళు జవాబు చెప్పల్ల సార్. ఇక్కడ అది పద్ధతి. మా ఫీజులు మీరు తీసుకున్నారు. మా మాట ఎందుకు తీసుకోలేదు?"

చెన్నయ్యకు ఒళ్ళు మండింది. "జాగా నాది. బిల్డింగు నాది. నడిపేది నేను. ఇందులో మిమ్మల్ని అడిగేది ఏముండాది? ఇష్టముంటే చదవండి, లేకుంటే పోండి."

అందరి కళ్ళూ బోర్డు మీదికి పోయాయి. అక్కడ ఏథెన్స్ అని రాసి ఉంది.

"ఏం చూస్తాండారు అట్ల?" అన్నాడు చెన్నయ్య.

"పాఠమే సార్. ఓడల్లో వచ్చినోళ్ళు కూడా ఇదే మాట చెప్పినారు," అంది మమత.

చెన్నయ్య మమత వైపు తిరిగాడు. "సరే, మరి ఆ దీవోళ్ళు ఏమైనారు?"

"లొంగలేదు సార్. మగవాళ్ళను చంపేసినారు. ఆడవాళ్ళను, పిల్లలను బానిసలుగా అమ్మేసినారు," అన్నాడు గణేశ్, గొంతు తగ్గించి.

"అద్దీ," అని చెన్నయ్య లేచి చొక్కా సవరించుకున్నాడు. "పుస్తకంలోనే రాసుండాది కదా. బుద్ధి ఉంటే లొంగల్ల."

అప్పుడు సమీనా గొంతు లేచింది. గట్టిగా అరవలేదు. రోజూ పాఠం చెప్పే గొంతే.

"కూర్చోండి సార్. బెల్లు కొట్టలేదు, పాఠం అయిపోలేదు. చాలామంది అక్కడితో ఆపేస్తారు, నేను ఆపను. పదేళ్ళు దాటేసరికి ఆ పెద్ద నగరం యుద్ధంలో ఓడిపోయింది. గెలిచినోళ్ళు దాని గోడలు దానితోనే పడగొట్టించినారు. మెలోస్‌లో చావగా మిగిలినోళ్ళు, అమ్ముడుపోయి ఎక్కడెక్కడో బతికినోళ్ళు, తిరిగొచ్చి వాళ్ళ దీవిలో వాళ్ళు దీపం పెట్టుకున్నారు. తొందరగా లేచి పోయినోళ్ళకు ఈ ముక్క తెలీదు."

చెన్నయ్య కూర్చోలేదు. తలుపు దాకా పోయి, "రేపటి నుంచి నువ్వు రావద్దు," అని చెప్పి వెళ్ళిపోయాడు. తనిఖీ పెద్దమనుషులు కాగితాలు సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఆయన వెనకే పోయారు. సమీనా బోర్డు వైపు తిరిగి, బెల్లు కొట్టేదాకా మిగతా పాఠం చెప్పింది.

అనుకున్నట్టే పేపరు పోయింది. గదికి తాళం పడింది. అయితే ఆ ఏడాది పిల్లలు రాయాల్సిన విశ్వవిద్యాలయం పరీక్ష మాత్రం ఎవరూ ఎత్తేయలేరు కదా. ఇంకా సగం పుస్తకం మిగిలి ఉంది. మునివెంకటమ్మ మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మెస్ ఖాళీగానే ఉంటుందని, వచ్చి చెప్పుకోండని కబురు పంపింది. సాంబారు వాసనలో అలీన విధానం పాఠం మొదలైంది. బలమైన రెండు కూటముల్లో ఏ పంచనా చేరమని, కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలు తలెత్తి చెప్పిన ఆ పాఠాన్ని సమీనా అంతకుముందెన్నడూ అంత బాగా చెప్పలేదు.

ఒకరోజు పాఠం మధ్యలో శ్రీను బండి మీద వచ్చి ఆగాడు. వెనక తాడుతో కట్టి ఒక కుర్చీ ఉంది. నడిమి కుర్చీ.

"ఏందప్పా ఇది?"

"గదిలో కంప్యూటర్లు పెట్టినారు మేడం. మిగతా కుర్చీలన్నీ వాడుకుంటాండారు. దీంట్లో మాత్రం ఒక్కరూ కూర్చోరు. కూర్చోబోయినోన్ని పక్కనోడు ఆపుతాడు, జవాబు చెప్పల్లప్పా అని. చైర్మన్ సారు చూసి చూసి, దాన్ని నా కండ్ల ముందర నుంచి అవతల పారెయ్ అన్నాడు. పారేసేదానికి మనసు రాలేదు."

సమీనా ఆ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. ఉద్యోగం పోయినరోజు కూడా కన్నీళ్ళు రాని మనిషి, పిల్లల ముందే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గోడలన్నీ తనవే అయినవాడు ఒక ఖాళీ కుర్చీకి భయపడ్డాడు. ఇంతకంటే ఏం కావాలి? దాన్ని తీసుకెళ్ళి అందరికీ ముందు వేయించింది.

అప్పుడే ఆలస్యంగా భోజనానికి వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన, తెలియక, ఆ కుర్చీ లాక్కోబోయాడు. మమత పాఠం లోంచి తలెత్తింది.

"అన్నా, అది పెద్ద దేశం కుర్చీ. కూర్చుంటే మాకు జవాబు చెప్పల్ల."

ఆయన ఆ పిల్లనూ, వెనకాల లేచి నిలబడిన ఫిజీనీ, నేపాల్‌నూ చూశాడు. కుర్చీ వదిలేసి, నవ్వుతూ వచ్చి వాళ్ళ బెంచీ మీద ఒక చివర సర్దుకుని కూర్చున్నాడు.