మూడో పీరియడ్‌లో కూర్చున్న మనిషి

సెప్టెంబర్ ఆఖరి వారంలో మా బావగారు పోయారు. అమెరికాలో ర్యాలీ నగరం పక్కనున్న క్యారీలో, ఉదయం ఆఫీస్‌కి బయల్దేరుతూ, సొంత గరాజ్‌లో కారు తలుపు తీసి అలాగే ఒరిగిపోయారు. అక్క ఫోన్ చేసి "మీ బావ లేరే" అని మాత్రం అంది. నేను వెళ్ళేసరికి అంబులెన్స్ వాళ్ళు సామాను సర్దుకుంటున్నారు.

ఆయన పెద్ద పేరున్న మనిషి కాదు. మందుల కంపెనీలో ఉద్యోగం, అక్క వంటకి వంక పెట్టకుండా తినడం, నన్ను ఏడిపించడం. వీటికి తోడు ఒక పిచ్చి, ఐస్ హాకీ. తెనాలిలో రేడియోకి చెవి ఆనించి క్రికెట్ కామెంటరీ వింటూ పెరిగిన మనిషికి, మంచు మీద కర్రలు పట్టుకుని కలబడే ఈ ఆట ఎలా అంటుకుందో అక్కకి అర్థమయ్యేది కాదు. అడిగితే, "నేనూ ఈ టీమూ ఒకే ఏడాది ఇక్కడ దిగాం. ఇద్దరం బయటోళ్ళమే" అనేవారు.

నిజమే. ఆ జట్టు ఉత్తరాన మరో ఊరిది. అక్కడ కుదరక ఇటు తరలివచ్చింది. ర్యాలీలో కొత్త అరీనా కట్టేదాకా గంటకు పైగా దూరంలో ఉన్న వేరే ఊళ్ళో ఆడేవాళ్ళు. అక్కడ ఎటు చూసినా ఖాళీ కుర్చీలేనట. దక్షిణాది వాళ్ళకి హాకీ ఏం తెలుసని అందరూ నవ్వేవారట. బావగారు ఆఫీస్ నుంచి నేరుగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి ఆ ఖాళీల మధ్య కూర్చునేవారు. "ఆట వాళ్ళాడతారు, కూర్చోడం మన పని" అనేవారు.

నేను ఎమ్మెస్ చదవడానికి వచ్చి వాళ్ళింట్లో దిగాక ఆయన పక్క సీటు నాకు దక్కింది. అక్క ఒక్కసారి కూడా రాలేదు. ఆ చలి, ఆ గోల తన వల్ల కాదంది. బయట ఎండ మండిపోతున్నా లోపల స్వెట్టర్ లేకుండా కూర్చోలేం. ప్రతి పీరియడ్ ముందూ ఎవరో ఒకరు చేత్తో తిప్పే సైరన్ మోగిస్తారు. అది ఆగేసరికి ఒళ్ళు జలదరిస్తుంది. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. ఆట నడుస్తుండగా మెట్ల మీద ఎవరూ కదలకూడదు, రెఫరీ విజిల్ వేసేదాకా ఆగాలి. మా వరుస పైన మెట్ల దగ్గర అరీనాలో పనిచేసే తెల్లజుట్టు పెద్దావిడ అడ్డంగా నిలబడేది. మంచినీళ్ళకని వెళ్ళొచ్చినవాళ్ళు ఎంత బతిమాలినా కిందికి పంపేది కాదు.

బావగారి చట్టం ఇంకా కఠినం. మన జట్టు ముందుందంటే విజిల్ వేసినా సరే, సీటు వదిలి లేవకూడదు. "లేవమాక, గోల్ పడుద్ది" అని మోచెయ్యి పట్టుకునేవారు. తెనాలిలో వికెట్లు పడకుండా కాపాడిన విద్యే ఇది. ఎమ్మెస్ చదువుతున్నదాన్ని, నేనూ బుద్ధిగా కూర్చునేదాన్ని.

ఒక ఏడాది ఓనర్లకీ ఆటగాళ్ళకీ పేచీ వచ్చి అసలు ఆటే లేకుండా పోయింది. ఆ మరుసటి ఏడాదే మా జట్టు ఫైనల్‌కి చేరింది. ఆ వసంతంలోనే బావగారి గుండెకి స్టెంట్ వేశారు. రెండు జట్లూ సమానంగా గెలుస్తూ వచ్చి, కప్పు ఎవరిదో తేల్చే చివరి మ్యాచ్ మా ఊళ్ళో పడింది. అక్క వద్దంది. ఆయన రెండు రోజులు అన్నం కెలుకుతూ కూర్చున్నారు. చివరికి అక్క నన్ను వంటగదిలోకి పిలిచింది.

"ఆయన మాట వినమాక. ఏ కాస్త తేడాగా ఉన్నా లేపి తీసుకొచ్చెయ్. ఆట పోతే పోయింది."

సరేనన్నాను.

ఆ సాయంత్రం అరీనాలో కుర్చీలు ఉన్నాయన్న సంగతే అందరూ మరిచిపోయారు. మొదటి నుంచీ జనం నిలబడే ఉన్నారు. రెండు పీరియడ్లు అయ్యేసరికి మేము రెండు గోల్స్ ముందున్నాం. మూడోది మొదలవగానే అవతలివాళ్ళు ఒకటి కొట్టారు. ఇంకొక్కటి పడితే సమం. ఇంకా చాలా ఆట మిగిలి ఉంది. పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, మా గోల్ వైపు వచ్చినప్పుడల్లా వేలమంది ఊపిరి బిగబట్టడం వినిపించేది.

అలాంటప్పుడు బావగారు కూర్చున్నారు.

నేను మొదట పట్టించుకోలేదు. మళ్ళీ చూస్తే ఆయన కళ్ళు మంచు మీద లేవు, ముందు కుర్చీ వీపు మీద ఉన్నాయి. ఆ చలిలో నుదుటి మీద చెమట. నేనూ పక్కన కూర్చున్నాను.

"బావా, ఏంటి?"

"ఏం లేదు. నువ్వు ఆట చూడు."

"నొప్పా?"

"కాస్త పట్టేసినట్టుంది. ఆటైపోనీ."

"పదండి."

నా మణికట్టు పట్టుకున్నారు. చెయ్యి చల్లగా ఉంది. "లేవమాకే. నువ్వు లేస్తే సమం అయిపోద్ది" అన్నారు. నవ్వబోయారు గానీ రాలేదు.

నాకు కోపం ముంచుకొచ్చింది. భయం కంటే ముందు కోపమే. చెయ్యి విడిపించుకుని, నిలబడ్డవాళ్ళని తోసుకుంటూ మెట్లెక్కాను. పెద్దావిడ అలవాటుగా అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఆయన గుండె" అన్నాను, అంతకంటే ఇంగ్లీషు రాలేదు. ఆవిడ నా భుజం మీదుగా కిందకి చూసింది. ఆట నడుస్తోంది, విజిల్ పడలేదు. ఆవిడే చేతిలోని వాకీటాకీలో ఏదో చెప్పుకుంటూ మెట్లు దిగింది. ఇద్దరం ఆయన్ని లేపి పైకి తెచ్చేసరికి చక్రాల కుర్చీ వచ్చింది.

ఫస్ట్ ఎయిడ్ గది కాంక్రీటు గోడల మధ్య ఉంది. టీవీ లేదు. ఛాతీకి వైర్లు అంటించారు, మొహానికి ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. గోడ అవతల ఒకసారి గోల పెరిగేది, ఒకసారి బొత్తిగా అణిగిపోయేది. అణిగినప్పుడల్లా ఆయన కళ్ళు నా వైపు తిరిగేవి. నేను మాత్రం మెషిన్ మీద గీతనే చూస్తున్నాను. దేవుడా, ఆట ఓడిపోనీ అని మొక్కుకున్నాను. ఏదో ఒకటి ఇస్తే ఇంకోటి దక్కుతుందని ఆ క్షణంలో గట్టిగా నమ్మాను.

ఉన్నట్టుండి గోడలు అదిరాయి. బావగారు మాస్క్ పక్కకి లాగారు.

"ఎవరు కొట్టింది?"

"మనవాళ్ళే అయ్యుంటారు."

"అయ్యుంటారంటే ఏంటే? చూసి రా."

నేను కదల్లేదు. అంబులెన్స్ తలుపు మూస్తుండగా డ్రైవరు చెప్పాడు, కప్పు మనదేనని. సమం చేద్దామని అవతలివాళ్ళు గోల్ కాసేవాణ్ణి బయటికి పిలిచి ఇంకో ఆటగాణ్ణి దింపారట, ఖాళీ గోల్‌లోకి మనవాళ్ళు కొట్టారట. ఖాళీ కుర్చీల కాలం నుంచి కాచుకున్న మనిషి ఆ గోల్ చూడలేదు.

రక్తనాళం మళ్ళీ మూసుకుపోయిందన్నారు. తెరిచారు. ఆట అయ్యేదాకా అక్కడే ఉండుంటే చెయ్యగలిగేది ఏమీ ఉండేది కాదని డాక్టరు అక్కతో చెప్పాడు. అక్క నా వైపు చూసి తల తిప్పుకుంది.

బావగారు నాతో ఒక పూట మాట్లాడలేదు. రెండో పూటకి కొత్త చట్టం తయారైంది. "నువ్వు లేచావు గనకే గెలిచాం." అప్పటి నుంచి ఆట బిగిసిందంటే చాలు, నన్ను బయటికి తరిమేవారు. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, అయినా చివరి నిమిషాల్లో నా చోటు బయట పాప్‌కార్న్ వాసనలోనే. విసుక్కుంటూనే వెళ్ళేదాన్ని. డబ్బు పెట్టి కొన్న సీట్లోంచి ఇంత ప్రేమగా గెంటేయించుకున్నది ఆ అరీనాలో నేనొక్కదాన్నే.

పెద్దకర్మ అయిన కొన్ని వారాలకి అక్క ఆయన జెర్సీ చేతులు మడిచి వేసుకుని వచ్చి, "మ్యాచ్‌కి తీసుకెళ్ళు" అంది. ఎవరైనా ఏమన్నా అనుకుంటారేమో అన్నాను. అనుకోనీ అంది. ఆయన సీట్లో చున్నీ కప్పుకుని కూర్చుంది. పక్ ఎక్కడుందో ఆమెకి కనబడుతున్నట్టు లేదు. మూడో పీరియడ్ చివర్లో ఒక్క గోల్ ఆధిక్యం. నేను కుర్చీ అంచుకి జరిగాను.

"లే" అంది అక్క.

"ఏంటి?"

"లేచి బయటికెళ్ళు."

"నువ్వూ నమ్ముతావా అక్కా ఇవన్నీ?"

అక్క మంచు వైపే చూస్తోంది. "ఆ రోజు నువ్వు లేచావు గనకే ఆయన నాకు ఇన్నేళ్ళు దక్కారు. లే."

విజిల్ పడింది. లేచి మెట్లెక్కి, బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల ఇంకా కాస్త ఆట మిగిలి ఉంది.