పసుపు చుక్కను పచ్చగా మార్చినదాన్ని

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. పొద్దున దీపం పెట్టి, దేవుడు ఇచ్చినవన్నీ ఒక్కొక్కటీ తలుచుకుంటాను. ఇల్లు, చేతిలో పని, మా బాపు, అంటే నాన్న, చెప్పిన చదువు. ఆ మాట గుర్తుకు వచ్చేసరికి కళ్లు తెరిచేస్తాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఒంట్లో బాగుండేది కాదు. ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లోనే బాపు నాకు లెక్కలు చెప్పారు. కంప్యూటర్ నాకు నేనే నేర్చుకున్నాను. హైదరాబాద్ మా వైపు పాకుతూ వస్తున్న ఆ రోజుల్లో, తుర్కయాంజాల్‌లో ఒక వృద్ధాశ్రమం వాళ్లు నాకు పని ఇచ్చారు. అక్కడి పెద్దవాళ్ల మెడలో తలా ఒక మీట ఉండేది. సాయం కావలసినప్పుడు నొక్కితే ముందుగదిలోని కంప్యూటర్ మోగాలి. మీటకు తీగ లేదు. కంప్యూటర్‌కు గుచ్చిన చిన్న రిసీవర్ దాని మాట వింటుంది. ఏ మీట అందుబాటులో ఉందో, ఏది లేదో ఆపరేటింగ్ సిస్టమ్ లోపలుండే కెర్నల్ కనిపెట్టి, తెర మీదికి తెలియజేయాలి. ఆ తెలియజేసే భాగం రాసింది నేను.

జవాబులు మూడు పెట్టాను. ఉంటే పచ్చ చుక్క, బ్యాటరీ అయిపోతోందని మీటే చెప్పి ఆగిపోతే ఎర్ర చుక్క, తెలియకపోతే పసుపు. బ్యాటరీ మిగలడానికి మీటలు చాలాసేపు నిద్రపోతాయి. నిద్రపోయిన మీటైనా, చెప్పకుండా చచ్చిపోయిన మీటైనా రిసీవర్‌కు ఒకటే. మౌనం. అందుకే తెర నిండా పసుపు చుక్కలే కనిపించేవి. మీటలు మధ్యమధ్యలో లేచి పలికేలా చేయాలి, దానికి ఇంకా పని ఉంది. యజమాని చూడటానికి వచ్చే ముందురోజు, ‘తెలియదు’ అన్నచోటల్లా ‘ఉంది’ అని చెప్పేలా ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస మార్చాను. ఎవరూ మార్చమనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. చేయలేదు.

ముందుగదిలో కూర్చునే అమ్మాయి సరిత. మా పక్క ఊరిదే. ఆ పచ్చ చుక్కలను ‘నా పెసర్లు’ అనేది. ఎర్ర చుక్క కనిపిస్తే పోయి బ్యాటరీ మార్చడం ఆమె పని. పెసర్లల్లో రాయి పడ్డదంటూ నవ్వుకుంటూ లేచేది.

ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, లచ్చవ్వ అనే పెద్దావిడ స్నానాలగదిలో జారిపడింది. మీట నొక్కింది. నొక్కుతూనే ఉందట. చాయ్ ఇవ్వడానికి ఎవరో వెళ్లేదాకా ఆ తడి నేల మీదే ఉంది. తుంటి విరిగింది. ఆమె మళ్లీ నడవలేదు.

నన్ను పిలిచారు. మీట విప్పి చూశాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. తెర మీద లచ్చవ్వ పేరు పక్కన ఇంకా పచ్చగానే ఉంది. చూడగానే నాకు అర్థమైంది.

యజమాని నా వెనకే నిలబడ్డాడు. “ఏమ్మా, మిషిన్ల ఏమన్న ఖరాబున్నదా?” అన్నాడు.

“అక్కా, నువ్వన్న చెప్పు,” అంది సరిత. “పచ్చగనే ఉండె. నేను దీని ముందట్నే కూసున్న. జరంత సేపు గూడ లేవలే.”

“మిషిన్ మంచిగనే ఉంది సార్,” అన్నాను.

సరిత నా మొహం వంక చూసింది. ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు.

ఎందుకలా అన్నాను? బడి మొహం చూడనిదానికి పనిస్తే ఇంతే అంటారని భయపడ్డానా? బాపు తలదించుకోవలసి వస్తుందనా? రెండూ నిజమే కావచ్చు. కానీ ఆ క్షణంలో నేను బాపును తలుచుకోలేదు, దేవుణ్ణీ తలుచుకోలేదు. ఆ మాట తడబడకుండా వచ్చింది. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. లెక్క రాకపోతే రాదని చెప్పు తల్లీ, తప్పు జవాబు మాత్రం రాయకు అని నేర్పిన మనిషి కూతుర్ని నేను.

ఆ వారంలోనే పసుపు చుక్కను తిరిగి పెట్టాను. కొంచెం మెరుగు చేశానని చెప్పాను. యజమాని మెచ్చుకున్నాడు.

తర్వాత ఒకసారి ఎల్బీనగర్ పోయే షేర్ ఆటోలో సరిత కనిపించింది. కొంగరకలాన్ వైపు ఏదో ఫ్యాక్టరీలో చేస్తున్నానంది. జరిగి నాకు చోటిచ్చింది. బాపు ఆరోగ్యం అడిగింది. దిగేదాకా పక్కపక్కనే కూర్చున్నాం. నేను చెప్పలేదు.

ఇది చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించడం మీ చేతిలోనిది కూడా కాదు. సరిత ఆ రోజు నిద్రపోలేదు, ఫోన్ చూడలేదు. తన పెసర్లను చూస్తూనే కూర్చుంది. వాటిలో ఒకటి అబద్ధం. దాన్ని అక్కడ పెట్టింది నేను.

ఇదీ ఆ మాట. బయటికి వచ్చింది.